పిల్లలు స్క్రీను మీద ఇల్లు కట్టుకుంటున్నారు: లైఫ్ సిమ్యులేషన్ ఆటల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మాది అమలాపురం. ఒకప్పుడు నెట్ సెంటర్ నడిపేవాణ్ణి. ఇప్పుడు అదే గదిలో జిరాక్సులు, ఆన్‌లైన్ దరఖాస్తులు. ఎంట్రన్సు పరీక్షల సీజన్లో వచ్చే తల్లిదండ్రులు ప్రింటు బయటికొచ్చేలోగా మాట్లాడే మాటలు దాదాపు ఒకటే: పిల్లలు, ఫోను, ఆటలు. తుపాకుల ఆటల మీద వాళ్ళకో అభిప్రాయం ఉంది, తిట్టి ఊరుకుంటారు. అర్థం కానివి ఈ ఇల్లు నడిపే ఆటలు, పొలం చేసే ఆటలు. "మా వాడు ఫోన్లో టమాటాలకి నీళ్ళు పెడుతున్నాడండీ, ఇదేం రోగమండీ?" అని రావులపాలెం నుంచి వచ్చినాయన అడిగితే నవ్వొచ్చింది గానీ, ప్రశ్న మంచిదే. మా ఇంట్లోనూ పదో తరగతి పిల్ల ఉంది. కింది జవాబులు కొంత చూసి, కొంత ఆడి, కొంత తిట్లు తిని నేర్చుకున్నవి.

లైఫ్ సిమ్యులేషన్ ఆట అంటే ఏంటి?

గుజ్జనగూళ్ళు. అంతే. తీర్థంలో కొన్న లక్కపిడతల్లో ఇసకన్నం వండి, కొబ్బరాకుల పందిరి కింద బొమ్మల పెళ్ళి చేసి, "వదినగారూ, రెండు ముద్దలు తినండి" అని మారాం చేసిన ఆటే ఇప్పుడు స్క్రీను మీదకి వచ్చింది.

కొంచెం వివరంగా చెప్పాలంటే, ఇందులో కాల్చడం, ఎవర్నో ఓడించడం ముఖ్యం కాదు. ఒక మనిషి ఉంటాడు. వాడికో ఇల్లో, పొలమో, ఊరో ఉంటుంది. ఆకలేస్తే వండిపెట్టాలి, నిద్రొస్తే పడుకోబెట్టాలి, ఉద్యోగానికి పంపాలి, పక్కింటివాళ్ళతో మాట్లాడించాలి. 'ది సిమ్స్ 4'లో ఒక్కో మనిషికి ఆరు అవసరాలుంటాయి: ఆకలి, నిద్ర, స్నానం, బాత్రూము, సరదా, నలుగురితో మాటలు. ఏది తగ్గినా ముఖం మాడ్చుకుంటాడు. 'స్టార్‌డ్యూ వ్యాలీ'లో తాతగారు వదిలేసి వెళ్ళిన పొలం బాగుచేసుకోవాలి. 'యానిమల్ క్రాసింగ్'లో జంతువులు ఇరుగుపొరుగు. 'హే డే' ఫోన్లో ఆడే పొలం. 'బిట్‌లైఫ్'లో బొమ్మలు దాదాపు ఉండవు, పుట్టుక నుంచి చావు దాకా అంతా అక్షరాలే. రోబ్లాక్స్ అని బోలెడు ఆటలుండే ఒక యాప్‌లో పిల్లలు ఆడే 'అడాప్ట్ మీ' కూడా ఈ కుటుంబమే.

గెలుపూ ఓటమీ లేని ఆటలో అంత మజా ఏముంది?

పెత్తనం ఉంది.

ఇంటర్ చదివే పిల్ల రోజు ఒకసారి లెక్కేయండి. పొద్దున్న ఐదింటికి అలారం వాళ్ళమ్మ పెట్టింది. ఎంపీసీయా బైపీసీయా అన్నది మేనమామ తేల్చాడు. బస్సు ఏడుంబావుకి. జడలు రెండు వేసుకోవాలన్నది కాలేజీ రూలు. సాయంత్రం స్టడీ అవర్, ఆదివారం స్లిప్ టెస్టు. ఇంటికొస్తే రిమోటు మామ్మ చేతిలో ఉంటుంది. రోజు మొత్తంలో తనంతట తాను తీసుకున్న నిర్ణయం ఏదని వెతికితే, ఇడ్లీలోకి చట్నీయా కారప్పొడా అన్నదొక్కటే దొరుకుతుంది. అలాంటి పిల్ల చేతికి ఒక ఇల్లు తాళాలు ఇచ్చారనుకోండి. గోడకి ఏ రంగు, మంచం ఏ వైపు, ఇవాళ పనికి వెళ్ళాలా మానాలా, ఎవరింటికి పోవాలి, ఎవరితో మాట్లాడకూడదు, అన్నీ తనే. వద్దనేవాళ్ళు లేరు. తప్పు చేస్తే తిట్టేవాళ్ళూ లేరు.

దీన్ని మనస్తత్వ శాస్త్రంలో వేరే మాటల్లో చెబుతారు. ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ రయన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు మనిషికి మూడు కావాలన్నారు: తన పని తన చేతిలో ఉండాలి, చేస్తున్నది చేతనవుతోందని తెలియాలి, తనవాళ్ళనుకునేవాళ్ళు ఉండాలి. రయన్ మరో ఇద్దరితో కలిసి 2006లో ఇదే లెక్కని వీడియో గేములకి వేసి చూశాడు. ఈ మూడూ దొరికిన ఆటకే జనం మళ్ళీ మళ్ళీ వెళుతున్నారని తేలింది. మన పిల్లలకి బడిలో రెండోది అప్పుడప్పుడు, మూడోది బాగానే దొరుకుతాయి. మొదటిదే కరువు.

ఇంకో సంగతి, వేగం. స్టార్‌డ్యూలో మొదటిరోజు చేతికొచ్చే విత్తనాలు తెల్ల క్యారెట్ లాంటి ఒక దుంపవి. నాలుగు రోజుల్లో చేతికొస్తుంది. ఆటలో రోజంటే మనకి పావుగంటకి కాస్త తక్కువ. అంటే నాటిన గంటలో పంట. ఇంటర్‌లో పడ్డ కష్టానికి ఫలితం రెండేళ్ళ తర్వాత ర్యాంకు రూపంలో వస్తుంది, అదీ వస్తే. పదహారేళ్ళ మనసుకి ఈ రెండింటిలో ఏది తీపో చెప్పక్కర్లేదు.

మా వాడు పొలం గట్టెక్కమంటే ఎక్కడు. ఫోన్లో మాత్రం ఎకరాలకెకరాలు దున్నుతున్నాడు. ఎందుకండీ?

దీనికి నాకంటే మా నాన్నగారు బాగా జవాబు చెప్పారు. సార్వా, దాళ్వా కలుపుకుని యాభై ఏళ్ళు వరి పండించిన మనిషి. మొన్న సంక్రాంతి సెలవుల్లో మా అమ్మాయి స్టార్‌డ్యూ ఆడుతుంటే కళ్ళజోడు సర్దుకుని పక్కన కూచున్నారు.

"ఇదేం పంటే?"

"వరి తాతయ్యా." 2019లో వచ్చిన అప్‌డేట్‌లో ఆ ఆటలోకి వరినారు వచ్చింది. "నీళ్ళ పక్కన నాటితే తడపక్కర్లేదు. రెండు రోజులు ముందే పండుతుంది."

"తెలిసినవాడే చేశాడు" అన్నారు మెచ్చుకోలుగా.

పిల్ల కోసింది. ఇంటి ముందున్న చెక్క పెట్టెలో పడేసింది. పాత్రని పడుకోబెట్టింది. తెల్లారేసరికి డబ్బులు పడ్డాయి.

నాన్నగారు ముందుకి వంగారు. "తేమ శాతం చూడరా?"

"అంటే ఏంటి తాతయ్యా?"

"పదిహేడు దాటితే తీసుకోరమ్మా. ఎండబెట్టుకు రమ్మంటారు."

"ఇక్కడ ఎలా ఇచ్చినా తీసుకుంటారు."

"గోనె సంచులెవరివి?"

"సంచులుండవు తాతయ్యా."

"డబ్బులు పొద్దున్నకే పడతాయా? రోజూ?"

"రోజూ."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "నాకూ ఓ ఎకరం ఇయ్యవే" అన్నారు.

అదే జవాబు. ఆ పొలానికి ముంపు లేదు, మిల్లరు లేడు, కౌలు లేదు. రేపు వానో ఎండో ముందురోజే ఆటలోని టీవీ చెప్పేస్తుంది, చెప్పింది తప్పదు. 1996 నవంబరు తుఫానుకి కోనసీమలో కొబ్బరితోటలు ఎలా నేలకూలాయో చూసినవాళ్ళింట్లో పుట్టిన పిల్లలు వీళ్ళు. దాళ్వా పంట కల్లంలో ఉండగా ఆకాశం వంక చూసే తండ్రి ముఖం వీళ్ళకి తెలుసు. పొలమంటే వీళ్ళకి చిరాకు అనుకోకండి. పొలంతో వచ్చే టెన్షన్ తీసేసి ఒట్టి పొలం ఇస్తే ఎంత ఇష్టంగా చేస్తారో ఆటలో కనిపిస్తోంది.

స్టార్‌డ్యూలో చేపల చెరువు కూడా తవ్వుకోవచ్చు. భీమవరం వైపు వాళ్ళకి ఈ ముక్క చెబితే "మేత ఖర్చెంత?" అని మొదట అదే అడుగుతారు. మేత లేదు. అప్పుడప్పుడు ఆ చేపలే ఫలానా వస్తువు తెచ్చిపెట్టమని అడుగుతాయి, అంతే. వైరస్ లేదు, అర్ధరాత్రి కరెంటు పోతే ఏరియేటర్ల దగ్గరికి పరుగెత్తడం లేదు.

ఇలాంటి ఆటలు ఎవరికి తట్టాయి?

ఇది నాకు బాగా నచ్చిన ప్రశ్న, ఎవరూ అంతగా అడగకపోయినా. ఈ ఆటలు చేసినవాళ్ళ కథలు పక్కపక్కన పెడితే చాలామందిలో ఒకటే కనిపిస్తుంది, ఇంటి బెంగ.

విల్ రైట్ అనే అమెరికన్ 1989లో 'సిమ్ సిటీ' అనే నగరం కట్టే ఆట చేసి పేరు తెచ్చుకున్నాడు. 1991లో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ కొండల్లో రేగిన కార్చిచ్చులో అతని ఇల్లు కాలిపోయింది. మళ్ళీ ఒక్కొక్క సామానూ కొనుక్కుంటూ, మనిషికి ఏది నిజంగా కావాలి, ఏది లేకపోయినా పర్లేదు అని ఆలోచించాడు. ఆ ఆలోచనే పెరిగి పెరిగి 2000లో 'ది సిమ్స్' అయింది.

జపాన్‌లో కట్సుయా ఎగుచి, చిబాలో పెరిగి నింటెండోలో ఉద్యోగానికి క్యోటో వెళ్ళాడు. అమ్మానాన్నా స్నేహితులూ లేని ఊళ్ళో ఒంటరిగా అనిపించి, వాళ్ళందరితో కలిసి ఉన్నట్టుండే ఊరొకటి కావాలనుకున్నాడు. 2001లో మొదటి 'యానిమల్ క్రాసింగ్' వచ్చింది. యసుహిరో వాడా పల్లెలో పెరిగి టోక్యోలో ఉద్యోగం చేస్తూ తన పల్లెని తలుచుకుని 1996లో 'హార్వెస్ట్ మూన్' చేశాడు. పొలం ఆటలకి పెద్దన్న అదే.

ఆ హార్వెస్ట్ మూన్ ఆడుతూ పెరిగిన అమెరికా కుర్రాడు ఎరిక్ బరోన్. 2011లో కంప్యూటర్ సైన్స్ డిగ్రీ చేతికొచ్చింది, ఉద్యోగం రాలేదు. (మన వీధిలో ఇలాంటి కుర్రాళ్ళు ఎంతమంది లేరు!) చేయి తిరగడానికని ఒక ఆట మొదలుపెట్టాడు. సాయంత్రాలు ఒక థియేటర్లో జనాన్ని సీట్లలో కూచోబెట్టే పని చేస్తూ, కోడు, బొమ్మలు, సంగీతం, కథ, అన్నీ ఒక్కడే నాలుగేళ్ళకి పైగా కూచుని తయారుచేశాడు. 2016 ఫిబ్రవరిలో వచ్చిన ఆ స్టార్‌డ్యూ వ్యాలీ ఇప్పటికి 4 కోట్ల కాపీలు దాటి అమ్ముడుపోయింది.

హాస్టల్ నుంచి సెలవులకి వచ్చిన మా అమ్మాయి మమ్మల్ని పట్టించుకోకుండా ఈ ఆటలోనే ఉంటోంది. మేమంటే ఇష్టం లేదా?

పైన చెప్పిన ఎగుచి, వాడాల కథ ఇంకోసారి చదవండి.

హాస్టల్లో ఆ పిల్లకి ఒక మంచం, ఒక ట్రంకుపెట్టె, గోడకి ఒక మేకు. సెలవులకి ఇంటికొస్తే తన గదిలో మీరు బియ్యం బస్తాలు పెట్టుంటారు. ఎక్కడా తనదనే చోటు లేదు. ఆటలో ఉంది. వచ్చిన మొదటి రెండు రోజులు వదిలేయండి. మూడో రోజు ఆ ఇంట్లోకి మీరే వెళ్ళి "ఈ గది ఎవరిదమ్మా?" అని అడగండి. నాకు తెలిసిన ఒకావిడ అలా అడిగితే, "నీదే అమ్మా, వంటగదికి దూరంగా పెట్టాను, పొగ రాకుండా" అందట ఆ పిల్ల. ఆవిడ మా కౌంటర్ దగ్గర ఈ మాట చెబుతూ కొంగుతో కళ్ళొత్తుకుంది. బస్తాలు తీసేశారా అని నేనడగలేదు.

ఇవి ఆడపిల్లల ఆటలా? మా అబ్బాయి ఆడుతున్నాడు.

ఆడనివ్వండి. వంట చేసే అబ్బాయిని చూసి కేటరింగ్ పెళ్ళిళ్ళలో మనమెవరం కంగారు పడం.

రాత్రి పన్నెండైనా పడుకోడు. ఆటలో వాడి మనిషిని మాత్రం వేళకి పడుకోబెడతాడు!

నిజమే, ఇందులో ఉన్న చమత్కారం నేనూ గమనించాను. స్టార్‌డ్యూలో రాత్రి రెండు దాటితే పాత్ర స్పృహ తప్పి పడిపోతుంది, జేబులో డబ్బు కొంత పోతుంది, మర్నాడు ఒంట్లో ఓపిక తగ్గుతుంది. అది చూసి పిల్లలు పాత్రని పదింటికే పడుకోబెడతారు. తమ ఓపిక చూపించే గీత స్క్రీను మీద లేదు కదా, అందుకని తాము కూచుంటారు.

వదల్లేకపోవడానికి కారణం ఆట కట్టిన తీరులోనే ఉంది. రోజు ముగుస్తుంది, లెక్క కనిపిస్తుంది, వెంటనే తెల్లారుతుంది. రేపు క్యాబేజీ కోతకొస్తుందని తెలుసు. "ఇంకొక్క రోజు నాన్నా" అంటాడు. మా చిన్నప్పుడు వారపత్రికలో సీరియల్ "సశేషం" దగ్గర ఆగితే పడ్డ బాధ ఇదే. కాకపోతే మాకు వచ్చే వారం దాకా దిక్కులేదు, వీళ్ళకి అరక్షణంలో దొరుకుతోంది.

ఒక కిటుకు చెబుతాను, మా ఇంట్లో పనిచేసింది. కంప్యూటర్లో స్టార్‌డ్యూ రోజు చివర పాత్ర పడుకున్నప్పుడే సేవ్ అవుతుంది. మధ్యలో పీకేస్తే ఆ రోజు పడ్డ కష్టమంతా పోతుంది. "ఇప్పుడే ఆపు" అంటే అందుకే అంత గొడవ. "ఈ రోజు పూర్తిచేసి ఆపెయ్" అనండి. మహా అయితే పావుగంట. ఆపుతారు. సిమ్స్ ఎప్పుడు కావాలంటే అప్పుడు సేవ్ చేసుకోవచ్చు, కాబట్టి అక్కడ ఈ సాకు చెల్లదు. యానిమల్ క్రాసింగ్ గడియారం మన గడియారంతోనే నడుస్తుంది, రాత్రయితే అంగడి మూసేస్తారు. ఆ పద్ధతి నాకు నచ్చింది. హే డేలో గోధుమ రెండు నిమిషాల్లో పండుతుంది, వేరేవి గంటలు పడతాయి. అయినప్పుడల్లా ఫోను మోగి పిలుస్తుంది. ఆ నోటిఫికేషన్లు ఆపేయండి, సగం గొడవ తగ్గుతుంది.

ఎన్ని గంటలు ఆడొచ్చని అంకె అడిగితే నా దగ్గర లేదు. నిద్ర, తిండి, చదువు, సాయంత్రం కాసేపు బయట తిరుగుడు, ఈ నాలుగూ చెడకుండా మిగిలింది ఎంతో అంత.

కరెంటు పోతే?

కంప్యూటర్లో అయితే, పాత్ర ఇంకా పడుకోని ఆ ఆట రోజు పోయినట్టే. మా ఇంట్లో ఇన్వర్టర్ పెట్టించడానికి అసలు కారణం ఇదని మా ఆవిడకి ఇప్పటికీ తెలియదు.

డబ్బు గుంజుతాయా?

ఆటని బట్టి. స్టార్‌డ్యూ ఒకసారి కొంటే అయిపోయింది, లోపల ఇంకేం అమ్మరు. కంప్యూటర్లో మొదలై, 2018లో ఐఫోన్‌కి, 2019లో ఆండ్రాయిడ్‌కి వచ్చింది. సిమ్స్ 4 అసలు ఆట 2022 అక్టోబరు నుంచి ఉచితం. కానీ అది ఖాళీ ఇల్లు చూపించి సామాను అమ్మే వ్యాపారం. పెంపుడు జంతువులకో ప్యాకు, కాలేజీకో ప్యాకు, చివరికి వానకీ ఎండకీ ఒక ప్యాకు. అన్నీ కొనాలంటే పదుల వేల రూపాయలవుతుంది. హే డేలో వజ్రాలు, రోబ్లాక్స్‌లో రోబక్స్. ఆగడం ఇష్టం లేనివాళ్ళ దగ్గర డబ్బు తీసుకునే ఏర్పాటు అది.

నా సొంత అనుభవం. మా అమ్మాయి ఆరో తరగతిలో ఉండగా నా ఫోన్లో ఏదో చిన్న ఇల్లు సర్దే ఆట పెట్టుకుంది. మూడు రోజులు ఫ్రీ అన్నారట. ఓకే నొక్కింది, పిన్ను అడిగితే నేనే ఏదో పనిలో ఉండి చూడకుండా కొట్టాను. నెలకి 349 రూపాయల చొప్పున నాలుగు నెలలు పోయాక బ్యాంకు మెసేజీలు చూసుకున్నాను. 1,396 రూపాయలు. రోజూ పదిమంది ఫారాలు నింపే మనిషిని, నాది నేను చదువుకోలేదు. పిల్లని తిట్టబోతే "పిన్ను నువ్వే కదా నాన్నా కొట్టావు" అంది.

అప్పట్నుంచి మూడు పనులు చేస్తున్నాను. యూపీఐ యాప్‌లో ఆటోపే అని, నెలనెలా వాటంతటవే కట్ అయ్యే డబ్బుల జాబితా ఉంటుంది, నెలకోసారి తెరిచి చూస్తాను. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టాను. పిల్ల ఫోనుకి ఫ్యామిలీ లింక్ అనే, పెద్దవాళ్ళు పిల్లల ఫోను చూసుకునే గూగుల్ యాప్ కలిపాను. ఇవి పిల్ల ముందే కూచుని చేశాను, చాటుగా కాదు.

ఆన్‌లైన్ గేములు బ్యాన్ అయ్యాయని విన్నాం. ఇవీ అందులోకి వస్తాయా?

రావు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నిషేధించింది డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆటల్ని. మన రాష్ట్రం 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ లాంటివి ఆపేసింది. పొలం ఆటల్లో పందెం లేదు. (సంక్రాంతి మూడు రోజులూ బరుల చుట్టూ తిరిగే మన జిల్లాల్లో పందెం గురించి ఇంతకంటే ఎక్కువ మాట్లాడితే బాగోదు.)

ఆటలో ప్రేమలు, పెళ్ళిళ్ళు ఉన్నాయట?

ఉన్నాయి. జీవితం ఆట కదా, ఉండకుండా ఎలా. స్టార్‌డ్యూలో ఊళ్ళో ఒకరికి పూలగుత్తి ఇచ్చి, స్నేహం పెంచుకుని పెళ్ళి చేసుకోవచ్చు. మన పాత సినిమాల కంటే పద్ధతిగానే ఉంటుంది. సిమ్స్ 4కి యూరప్‌లో 12 ఏళ్ళు దాటినవాళ్ళకని, అమెరికాలో టీనేజర్లకని రేటింగ్ ఇచ్చారు. అందులో ప్రేమ వ్యవహారాలు కాస్త ఎక్కువే అయినా హాస్యంగా, దుప్పటి కప్పి చూపిస్తారు. బిట్‌లైఫ్ వేరు. మందు, నేరాలు, జైలు, అన్నీ అక్షరాల్లో వస్తాయి. పదమూడేళ్ళ పిల్లకి నేనైతే ఇవ్వను.

చూసిందల్లా చేస్తారని భయపడక్కర్లేదు. ఒకటి మాత్రం నిజం. పిల్లలు అడగడానికి సిగ్గుపడే ప్రశ్నల్ని అక్కడ ఆడి చూసుకుంటారు. మా అమ్మాయి సిమ్స్‌లో ఒక జంటకి పెళ్ళి చేసి, ఇద్దరికీ ఉద్యోగాలిచ్చి, పిల్లాణ్ణి కూడా ఇచ్చింది. వారం తిరక్కుండా ఆ ఇంట్లో గిన్నెలు పేరుకుపోయాయి, పిల్లాడు ఏడుస్తున్నాడు, మొగుడు సోఫాలో నిద్రపోతున్నాడు. వెనక్కి తిరిగి వాళ్ళమ్మ వైపు ఒక చూపు, నా వైపు ఒక చూపు చూసింది. ఆ సాయంత్రం గిన్నెలు నేను తోమాను.

బయటివాళ్ళతో మాట్లాడతారా?

సిమ్స్ 4లో మాట్లాడడానికి మనుషులే ఉండరు, అన్నీ ఆట పాత్రలే. వాళ్ళు మాట్లాడే భాష కూడా ఎవరిదీ కాదు, సిమ్లిష్ అని కల్పించిన భాష. స్టార్‌డ్యూని ఒంటరిగానో, పిలిచిన స్నేహితులతోనో ఆడతారు. జాగ్రత్త పడాల్సింది రోబ్లాక్స్ లాంటి చోట. అక్కడ ఊరంతా తెలియనివాళ్ళే. సెట్టింగ్స్‌లో చాట్‌కి కట్టుబాట్లున్నాయి, పిల్ల పక్కన కూచుని పెట్టండి. ఊరు, బడి పేరు, ఫోటో ఇవ్వకూడదని చెప్పండి. "మనం వేరే యాప్‌లో మాట్లాడుకుందాం" అని ఎవరన్నా అంటే అక్కడితో ఆపి మీకు చెప్పాలని కూడా.

సిమ్స్‌కి మోడ్లు, అంటే ఆటగాళ్ళే చేసి పెట్టే చీరలు, గాజులు, సామాన్లు, దించుకునేవాళ్ళు ఎక్కడ పడితే అక్కడ దించకూడదు. 2024 మొదట్లో కొన్ని మోడ్లలో దొంగ సాఫ్ట్‌వేర్ దూరింది.

ఇది వ్యసనమా?

ఇష్టం వేరు, వ్యసనం వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో గేమింగ్ డిజార్డర్ ఉంది, 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. వాళ్ళ కొలత ఇది: ఆటని అదుపు చేసుకోలేకపోవడం, మిగతా అన్నిటికంటే ఆటే ముఖ్యమైపోవడం, నష్టం కనిపిస్తున్నా ఆపలేకపోవడం. మామూలుగా ఇది ఏడాదిపాటు సాగి చదువునో, ఇంటినో, స్నేహాలనో దెబ్బతీస్తే అప్పుడు ఆ పేరు పెడతారు. వేసవి సెలవుల్లో పది రోజులు మంచం దిగకుండా ఆడడం దానికి సరిపోదు.

2020లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు కంపెనీల దగ్గర్నుంచి అసలైన ఆట సమయాల లెక్కలు తీసుకుని యానిమల్ క్రాసింగ్ ఆడేవాళ్ళని పరిశీలించారు. ఎక్కువసేపు ఆడినవాళ్ళు కాస్త ఎక్కువ సంతోషంగానే ఉన్నట్టు కనిపించింది. ఇది పట్టుకుని మీ పిల్లలు వాదిస్తే, వాళ్ళంతా పద్దెనిమిది దాటినవాళ్ళని చెప్పండి. ఆట వల్లే సంతోషమని కూడా ఆ లెక్క రుజువు చేయలేదు.

నేను చూసే గుర్తు వేరు. ఆట గురించి చెప్పమంటే కళ్ళు మెరిసి గలగలా చెప్పే పిల్ల గురించి నాకు బెంగ లేదు. అడిగితే ముఖం తిప్పుకుని, అన్నం మానేసి, స్నేహితుల్నీ మానేసిన పిల్లవాడు ఉంటే ఆటని తిట్టే ముందు వాడికి ఇంకేదో కష్టం ఉందేమో చూడాలి. బడిలో ఏడిపిస్తున్నారేమో, మార్కుల భయమేమో. మానసిక ఆరోగ్యానికని ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ 14416 నంబరుకి ఫోన్ చేస్తే ఖర్చు లేకుండా, తెలుగులోనే మాట్లాడతారు. బెంగళూరు నిమ్హాన్స్ మానసిక వైద్యశాలలో ఇలాంటి సమస్యలకని 2014 నుంచి షట్ అనే క్లినిక్ ఉంది.

చదువుకి పనికొస్తాయా?

ర్యాంకు రాదు. ఆ ఆశతో ఆడించకండి, ఆట రుచే పోతుంది.

ఒకటి మాత్రం చెప్పాలి. సిమ్స్‌లో 'మదర్‌లోడ్' అని టైపు చేస్తే ఒక్కసారిగా 50,000 ఆట రూపాయలు పడతాయి. మా అమ్మాయి అది కనిపెట్టిన రోజు పండగే. మేడ కట్టింది, స్విమ్మింగ్ పూల్ తవ్వింది, నాలుగు రోజుల్లో ఆ కుటుంబాన్ని వదిలేసింది. "ఏమైందే?" అంటే "బోరు నాన్నా, ఇంక కొనడానికేం లేదు" అంది. తర్వాత చిల్లర డబ్బుల్తో, ఒక్క గదితో మళ్ళీ మొదలుపెట్టింది. ఆ ఇల్లు ఇప్పటికీ నడుస్తోంది.

మా దగ్గర పాత కంప్యూటరే ఉంది. ఆడుతుందా?

స్టార్‌డ్యూ దాదాపు దేనిమీదైనా ఆడుతుంది, మామూలు ఫోన్ చాలు. సిమ్స్ 4కి కాస్త మంచి కంప్యూటర్, పదుల జీబీల ఖాళీ కావాలి, డౌన్‌లోడ్‌కి ఒక రాత్రి పట్టొచ్చు. 2025లో వచ్చిన 'ఇన్‌జోయ్' అనే కొరియా ఆట బొమ్మలు అచ్చం మనుషుల్లా ఉంటాయి గానీ, దానికి ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. దాని జోలికి పోకండి. యానిమల్ క్రాసింగ్ అసలు ఆట కావాలంటే నింటెండో మెషీనే కొనాలి.

పెద్దవాళ్ళం మేం కూడా ఆడొచ్చా?

ఆడండి. ఆడకపోయినా పక్కన కూచోండి.

మా అమ్మ పుట్టిన ఇల్లు మండువా లోగిలి. నాలుగు వైపులా గదులు, వసారా, మధ్యలో ఆకాశం. వాన పడితే నాలుగు చూరుల నీళ్ళూ మండువాలోకి దూకేవట, కింద గంగాళాలు పెట్టేవారట. ఇరవై ఏళ్ళ కిందట అన్నదమ్ములు పంచుకుని ఆ ఇల్లు పడగొట్టి డాబాలు వేసుకున్నారు. ఒక్క ఫోటో కూడా లేదు.

మొన్న ఆషాఢంలో మా అమ్మాయి ఆ ఇంటిని సిమ్స్‌లో కడతానని కూచుంది. అమ్మ పక్కన పీట వేసుకుని చెబుతోంది. "వీధరుగు ఇంకా ఎత్తు. ఊఁ, అంతే. స్తంభాలు అంత సన్నం కాదే, కావిలించుకుంటే చేతులు కలిసేవి కావు. తులసికోట అటు కాదు, ఇటు." తులసికోట ఆటలో లేదు, రాతి కుండీలో ఏదో మొక్క పెట్టింది. పడమటింట్లో ధాన్యం గాదె కుదర్లేదు, బీరువా పెట్టింది. మూడు సాయంత్రాలు పట్టింది. చివరికి కెమెరాని పైకెత్తి, మధ్యలో ఖాళీగా కనిపిస్తున్న మండువా మీదుగా తిప్పి చూపించింది. అమ్మ చాలాసేపు చూసింది.

"ఇప్పుడు వాన పడనీ" అంది.

"వాన లేదు మామ్మా. దానికి వేరే ప్యాకు. కొనుక్కోవాలి."

బయట మా డాబా మీద వాన దంచుతోంది. అమ్మ స్క్రీను మీంచి కళ్ళు తిప్పకుండా అడిగింది.

"ఎంతట?"